ప్లాంటు అంటే

గుంతలో నిలబెట్టిన తురాయి మొక్క చుట్టూ మట్టి లాగి, సంగయ్య కుడి అరికాలితో గట్టిగా అదిమాడు. వేరుకు గాలి తగలకూడదు. పదకొండు మొక్కలు అయ్యాయి, ఇంకొక్కటే ఉంది. పగుళ్లుబారిన మడమ, వంకర తిరిగిన బొటనవేలు, మోకాలి దాకా ఎర్రమట్టి. ఖాకీ చొక్కాకు గుచ్చుకున్న ఇత్తడి బిళ్ల వంగినప్పుడల్లా ఊగుతోంది.

పటాన్‌చెరు రోడ్డు పక్కనున్న ఈ ఫ్యాక్టరీలో గేటు నుంచి ఆఫీసు దాకా ఉన్న నీడంతా ఎనిమిదేళ్లుగా అతను పెంచిందే. అంతకుముందు ఆ నేలే అతనిది. ఇప్పుడు ఆఫీసు మెట్లున్న చోట జొన్న కోసేవాడు.

పంతొమ్మిది వందల అరవై అయిదులో ఊళ్లోకి ఇంగ్లీషు కాగితం వచ్చింది. పట్వారీ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ప్లాంటు పెడ్తరట. ప్లాంటంటే మొక్క. సర్కారు తోట పెడ్తది, నీ భూమి ఏడికి పోతదిరా?" అన్నాడు. మామిడితోట అనుకుని సంగయ్య నవ్వుతూ వేలిముద్ర వేశాడు. ఆ నెలలోనే ఇనుప స్తంభాలు దిగాయి.

ఈ ఉదయం బోర్డు మీద జాబితా అంటించారు. అయిదేళ్లు నిండిన ప్లాంటు వర్కర్లంతా పర్మనెంటు. మిగతావాళ్లకు ఈ రోజే ఆఖరు. సంగయ్య పన్నెండో మొక్కను నీడలో పెట్టి టైమాఫీసుకు వెళ్లాడు.

కాకినాడ నుంచి వచ్చిన గుమాస్తా త్రినాథరావు స్టూలు జరిపాడు. మట్టికాళ్లతో వచ్చినవాణ్ణి కూర్చోమనేది అక్కడ ఆయనొక్కడే. సంగయ్య కూర్చోలేదు.

"నా పేరు సూడు సారూ."

"చూశానయ్యా. లేదు."

"ఎందుకు లేదు? దినాం ప్లాంట్లకే గద నీళ్లు పోసేది?"

లోపలి గదిలోంచి ఆఫీసరు పగలబడి నవ్వాడు. "వీడి తెలివి చూడవయ్యా త్రినాథరావూ! ఒరే, ప్లాంటంటే ఫ్యాక్టరీ. మిషను ముట్టుకున్నవాడే ప్లాంటు వర్కరు. నీకు పర్మనెంటు కావాలంటే ఆ చెట్లనే అడుక్కో!"

సంగయ్య మెడ నరం ఉబ్బింది. "భూమి గుంజుకున్ననాడు ప్లాంటంటే మొక్క. నౌకరి ఇయ్యాల్సిననాడు ప్లాంటంటే ఫ్యాక్టరీ. ఏంది సారూ గిది? ఒక్క మాటకు రెండు నోళ్లా? రెండూ నన్నే కొరుకుతయా?"

నవ్వు ఆగిపోయింది. తలుపు ధడాలున మూసుకుంది.

సంగయ్య బిళ్లను ముందుకు లాగాడు. "మీరిచ్చిందే గద. గీడ ఏం రాసున్నది?"

త్రినాథరావు గొంతు తగ్గింది. "ప్లాంటు. నలభై ఒకటి."

ఆ మాట కోసం ఆయన డిక్షనరీ తీశాడు. "రెండర్థాలూ ఉన్నాయి సంగయ్యా. పాత లాటిన్ మాటట. దానికి అరికాలు అని కూడా అర్థం. మొక్కను పాతి కాలితో అదుముతాం చూడు, అందుకని. ఫ్యాక్టరీ అనే అర్థం చాలా తర్వాత వచ్చిందట."

సంగయ్య తన కాలి వంక చూసుకున్నాడు. "అయితే పుస్తకం నా దిక్కే ఉన్నది. లోపలికి పోయి సాబుకు సదివి వినిపియ్యి."

త్రినాథరావు మూసిన తలుపును చూశాడు. పుస్తకం కూడా మూశాడు. తన ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు, అంతకు మించి చేతకాలేదు. సంగయ్య తాగాడు. గ్లాసు కడిగి బోర్లించి వెళ్లాడు.

గడ్డపార పట్టుకుని పదకొండు మొక్కల ముందు నిలబడ్డాడు. ఇంకా వేరు పట్టలేదు. ఒక్కొక్కదానికి ఒక్క గుంజు చాలు. మొదటిదాన్ని మొదలంటా పట్టుకున్నాడు కూడా.

"నువ్వేం జేసినవే," అని వదిలేశాడు.

పన్నెండోదాన్ని ఆఫీసు మెట్లకు ఎదురుగా, ఆఫీసరు కారు ఆగే చోట పాతాడు. పొద్దుటి నుంచీ లోపల కుతకుతలాడిన కోపమంతా కాలిలోకి దించి తొక్కాడు.

గేటు దగ్గర కావలి నర్సన్న అడిగాడు, "ఏంది పెద్దయ్యా, గింత జల్దీ?"

"అయిపోయింది తమ్మీ."

సంగయ్య మళ్లీ రాలేదు. మర్నాడు బిళ్ల జమ కాలేదని త్రినాథరావు వెతుక్కుంటూ వచ్చాడు. మెట్ల ముందు కొత్త మొక్క నిటారుగా ఉంది. దాని మొదట్లో అయిదు వేళ్లతో సహా లోతుగా దిగిన పాదం గుర్తు. పైన, లేత కొమ్మకు సుతిలి తాడుతో కట్టిన ఇత్తడి బిళ్ల ఎండలో మెల్లగా తిరుగుతోంది: ప్లాంటు, నలభై ఒకటి.