రెండో పేరు

కరెంటు వచ్చింది. ఏలుమలై కంప్యూటర్లను ఒక్కొక్కటిగా లేపి, ఆగిపోయిన లెక్కను మళ్ళీ మొదలుపెట్టాడు. నలభై ఏడేళ్ళు, బట్టతల, భుజాల దగ్గర వెలిసిన చొక్కా, లోపలికి నక్కిన ఛాతీ. కాలేజీ ఫిజిక్స్ విభాగంలో తాత్కాలిక సహాయకుడు. ఊరి పేరు పాండిచ్చేరి నుంచి పుదుచ్చేరిగా మారి ఏడాదైంది గాని, పదిహేనేళ్ళ ఈ తాత్కాలికం మాత్రం మారలేదు.

విశ్వాన్ని అంతకంతకూ వేగంగా విస్తరింపజేసే డార్క్ ఎనర్జీ ఎన్నటికీ మారదని చాలామంది లెక్క. కాదు, మెల్లగా మారుతోందని ప్రొఫెసర్ రంగరాజన్ పట్టు. దూరాన పేలిన నక్షత్రాల వెలుగును బట్టి రెండింటిలో ఏది నమ్మదగిందో బేస్ సంభావ్యతా పద్ధతిలో తూచడం ఏలుమలై పని. ఆ పద్ధతికో నీతి ఉంది. మార్పు ఎంతవరకు ఉండొచ్చో, ఆ హద్దు కొలతలు చూడకముందే చెప్పాలి. చూశాక గీసుకోవడం తాళి కట్టాక జాతకాలు కలపడమే. ఏలుమలైకి ఇది బాగా తెలుసు. ఉప్పూకారం తినేవాడైతే ఏనాడో నోరు తెరిచేవాడు.

పదకొండింటికి రంగరాజన్ పౌడరు వాసనతో వచ్చాడు.

"ఏంది ఏలుమలై, ఏం చెప్తా ఉండాది?"

"మనది ఓడిపోయింది సార్. మారనిదే గెలిచింది."

"ఈతూరి నా పేరు కింద నీ పేరూ వేద్దామనుకుంటి. ఓడిపోయినదానికి పేపరేంది, పేరేంది?"

ఇన్నేళ్ళూ లెక్కలు ఏలుమలైవి, అచ్చయిన పేరు ఆయనది. పొద్దున కోసపాళయం ఇంట్లో ఇడ్లీ పెడుతూ భార్య అమ్మాయమ్మ "ఈతూరైనా వేస్తాడా?" అంటే, "కండిప్పా, తప్పకుండా వేస్తాడు" అని చెప్పి వచ్చాడు.

"హద్దు కొంచం కుదించేదా సార్?" అన్నాడు తనే.

"నేనేం చెప్పలా. నీకు యాడ సరిగా తోస్తే ఆడ పెట్టు."

గంగిరెద్దు కూడా బూర ఊదితే గాని తల ఊపదు. ఈ మనిషికి అదీ అక్కర్లేకపోయింది. చూసిన కొలతలకు సరిపోయేలా హద్దును మూడోవంతుకు కుదించి, తూకం మారేదాని వైపు మొగ్గేలా లెక్క మళ్ళీ నడిపాడు. వ్యాసం మొదట్లో, ఆయన పేరు కింద తన పేరు టైపు చేసి, రెండుసార్లు చదువుకొని, సిగ్గు లేకుండా నవ్వుకున్నాడు.

పెరుగన్నం తిన్నాడు. ఎడమ చెయ్యి లాగుతోందని భుజం పిసుక్కున్నాడు. కుర్చీకి ఆనుకొని కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు.

నాలుగింటికి రంగరాజన్ వచ్చి ముందు స్క్రీన్ చూశాడు. తన మోడల్ గెలిచింది. "భేష్!" అని భుజం తట్టాడు. ఏలుమలై పక్కకు ఒరిగిపోయాడు.

ఆంబులెన్స్ వెళ్ళాక ఆఫీసు గుమాస్తా సుబ్బరాయన్ మెల్లగా అడిగాడు. "పేపర్లో ఆయన పేరు ఉండాది సార్. పంపించేదా?"

"తీసెయ్. రేపు జర్నల్ వాళ్ళు ఏమన్నా అడిగితే జవాబు ఎవరు చెప్పేది, వాడా?"

సుబ్బరాయన్ తీసేశాడు. ఆ గదిలో అందరిదీ ఒకటే జబ్బు.

వ్యాసం పంపి, గదికి తాళం వేసి ఇద్దరూ వెళ్ళిపోయారు. కంప్యూటర్లకు దుమ్ము పట్టకుండా అందరూ కాళ్ళ జోళ్ళు విడిచే గుమ్మం పక్కన, మడమ ఒకవైపే అరిగిన ఏలుమలై చెప్పులు ఉన్నాయి.