ఎర్ర టోపీ సైగలు

కాదు, చూశాడు, నా వైపే చూశాడు, చూసి కూడా వేరే ఆట ఆడాడు, రెండు చేతులూ నెత్తిన పెట్టి కుడి మోచెయ్యి తట్టాను, అంటే బంతి పట్టుకుని కుడివైపు పరుగు, నెల రోజులుగా రోజూ చేస్తున్న సైగే, ఈ ఏడు నా చోట్లో ఆడుతున్న జెరెల్ మాత్రం ఎడమకు విసిరాడు, బంతి నేలపాలైంది, ఇప్పుడు కోచ్ లిండ్‌క్విస్ట్ చూస్తున్నది వాణ్ణి కాదు, నన్ను, ఏం చూపించావ్ రాయ్స్, అంటున్నాడు, మీరు చెప్పిందే చూపించాను కోచ్, అన్నాను, ఊఁ అన్నాడు, ఆ ఊఁలో ఏదో ఉంది, కిందటేడు ఇదే మైదానంలో మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు నేను క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్నప్పుడు ఆయన ఇలా సాగదీసి ఊఁ అనలేదు, బంతి ముందు నా చేతికే వచ్చేది, ఎవరికి విసరాలో, ఎవరు పరుగెత్తాలో నేనే తేల్చేవాణ్ణి, ఇప్పుడు గీత బయట నిలబడి టోపీ పెట్టుకుని చేతులు ఊపుతున్నాను, మేం ముగ్గురం ఊపుతాం, నీలం టోపీ, పచ్చ టోపీ చేసేవి ఉత్తుత్తి సైగలు, అవతలి జట్టును ఏమార్చడానికి, ఎర్ర టోపీ చేసేదే నిజం, అది నాది, నా చేతుల్లోనే నిజం పెట్టాడు కోచ్, నమ్మకంతోనా, పరీక్షించడానికా.

అసలు లూసియానాలో అంత పెద్ద యూనివర్సిటీ వదిలిపెట్టి, గోధుమ చేలు తప్ప ఇంకేమీ లేని ఈ కాన్సస్ ఊరికి జెరెల్ ఎందుకొచ్చినట్టు, అడిగితే నవ్వాడు, అక్కడ ఆడనివ్వక కూర్చోబెట్టిన బెంచీ మరీ మెత్తగా ఉంది గురూ, కూర్చుంటే నిద్రొస్తోంది, అందుకే వచ్చేశా, అన్నాడు, అందరూ పడీపడీ నవ్వారు, నా గదిలోనే ఉండే టక్కర్ అయితే కళ్ళు తుడుచుకున్నాడు, టక్కర్, నేను విసిరిన బంతుల్ని మూడేళ్ళు పట్టుకున్న టక్కర్, ఇప్పుడు వాడితో కూర్చుని తింటున్నాడు, వాడిలాగే గుడ్ల మీద కారం సాస్ కుమ్మరించుకుంటున్నాడు, నేను పళ్ళెం పట్టుకుని దగ్గరికెళితే మాట ఆపేస్తున్నారు, ఏం మాట్లాడుకుంటున్నార్రా అంటే, ఏం లేదురా, ఊరికే, అంటాడు, ఊరికే మాట్లాడుకునేవాళ్ళు నన్ను చూసి ఎందుకు ఆపుతారు, ఊళ్ళో మంగలి కొట్టు అద్దం మీద కూడా వాడి బొమ్మే అంటించారు, ఈ ఏడాది మనదే అని కింద రాశారు, మనది అంటే ఎవరిది, అదిగో మా నాన్న ప్రేక్షకుల మెట్ల మీద లేచి నిలబడి అరుస్తున్నాడు, రాయ్స్‌ని ఆటలోకి దింపండయ్యా, అని, వద్దు నాన్నా, కూర్చో, నువ్వు అరిచిన ప్రతిసారీ జెరెల్ తల తిప్పి చూస్తున్నాడు, నువ్వూ నేనూ కూడబలుక్కున్నాం అనుకుంటాడు, అనుకోనీ, నేను మాత్రం వాడి గెలుపే కోరుతున్నానా, కోరుతున్నాననే అనుకుంటున్నాను, వాడు కింద పడ్డప్పుడు నా గుండెలో ఏదో తేలికవుతుంది, అది ఏమిటి, అంటే నేనే, అవతలి కార్వర్ కాలేజీ వాళ్ళకన్నా ముందు, ఈ జట్టుకు శత్రువునా.

సగం ఆట విరామంలో ఇక తట్టుకోలేక నీళ్ళ పీపా దగ్గర జెరెల్‌ని పట్టుకున్నాను, నా సైగ కావాలనే తప్పిస్తున్నావు కదూ, కోచ్ ముందు నన్ను దొంగను చెయ్యడానికే కదూ, అన్నాను, వాడు చెమట తుడుచుకోవడం ఆపి నన్ను వింతగా చూశాడు, నువ్వే కదా తప్పుడు సైగలు చేస్తోంది, అన్నాడు, నేనా, అన్నాను, నీ చోటు లాక్కున్నాను, మీ నాన్న పైనుంచి తిడుతున్నాడు, నువ్వు నాకు నిజం చూపిస్తావని ఎలా నమ్మమంటావు, అందుకే నాకు తోచింది ఆడుతున్నా, అన్నాడు, నటనా అని వాడి కళ్ళలోకి చూశాను, ఈ నెల రోజులూ నేను వాడి మొహంలో ఏం వెతికానో వాడూ నా మొహంలో అదే వెతుకుతున్నాడు, నేను చూపించినవన్నీ నిజాలేరా, అన్నాను, నమ్మాడో లేదో తెలియలేదు, గ్లాసెడు నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

తర్వాత నా సైగలే ఆడాడు, అయినా నాలుగు పాయింట్లు వెనకే, ఆట చివరికొచ్చింది, అప్పుడు నాకొకటి కనబడింది, కార్వర్ వాళ్ళ వెనక కాపలా ఆటగాడు, పొట్టివాడు, మనం పరుగెత్తుతామనుకుని బంతి కదలకముందే ముందుకు తోసుకొస్తున్నాడు, వాడి వెనక అంతా ఖాళీ, చెప్పాలా, చెప్తే జెరెల్ గెలుస్తాడు, ఇక ఆ చోటు ఎప్పటికీ వాడిదే, చెప్పకపోతే ఎవరికీ తెలియదు, ఇంతలో ఆఖరి విరామం, కోచ్ రిఫరీతో గొడవ పడుతున్నాడు, జెరెల్ నేరుగా నా దగ్గరికే వచ్చాడు, నీకేదో కనబడింది, నీ మొహం చెబుతోంది, చెప్పు, అన్నాడు, నోరు దానంతటదే తెరుచుకుంది, ఆ పొట్టివాడి వెనక ఖాళీ, టక్కర్‌ని అటు పంపు, వెంటనే విసురు, ఆలస్యం చేయకు, అన్నాను.

టక్కర్ వెళ్ళాడు, ఖాళీ అక్కడే ఉంది, కానీ జెరెల్ ఒక్క లిప్త ఆగాడు, బంతి లేచింది, దక్షిణపు గాలి దాన్ని పట్టి వెనక్కి లాగింది, పొట్టివాడు వెనక్కి తిరిగి ఎగిరి అందుకున్నాడు, అయిపోయింది, ఓడిపోయాం, కోచ్ ఊగిపోతూ వచ్చాడు, అటు విసరమని ఎవరు చెప్పారు, ఎవరు, అని, ఇక నా పేరు వస్తుంది అనుకున్నాను, టక్కర్ కూడా నన్నే చూస్తున్నాడు, జెరెల్ శిరస్త్రాణం తీసి, ఖాళీ నిజంగానే ఉంది కోచ్, నేనే ఆలస్యం చేశాను, అన్నాడు, అంతే, నా వైపు చూడనైనా లేదు, ఎందుకు కాపాడాడు, రేపు దీన్ని నా మీద వాడుకోవడానికా, ఇలా మంచివాడనిపించుకుని అందరినీ కట్టేసుకోవడానికా, వెతుకుతున్నాను, ఏ మూలైనా మోసం దొరుకుతుందేమోనని వెతుకుతున్నాను, వాడు గడ్డి మీద కూలబడి కాలి కట్టు విప్పుకుంటూ, రేపు పొద్దున వస్తావా, ఆ విసురే మళ్ళీ మళ్ళీ వేద్దాం, నేనెక్కడ ఆగానో నీకు కనబడే ఉంటుంది, అంటున్నాడు, కనబడింది, ఎడమ కాలు ఆలస్యంగా మోపావు, అన్నాను, అలాగా, అన్నాడు, ఈసారి నా మాటను అనుమానించలేదు, అక్కడితో నా వెతుకులాట ఆగిపోయింది, ఇప్పుడు గుర్తొస్తోంది, బంతి గాలిలో ఉన్నంతసేపూ నేను మా నాన్నని చూడలేదు, కోచ్‌ని చూడలేదు, నా చోటు గురించి అనుకోలేదు, టక్కర్ చేతులే చూశాను, పట్టుకో, పట్టుకో అని గొంతు చిరిగేలా అరిచాను, అది మాత్రం నటన కాదు.