పెట్రోలు ట్యాంకు మూత

"టార్చి సరిగ్గా పట్టుకో. ఎటు చూస్తున్నావు?" అన్నాడు భర్త, కారు బానెట్ కింద తల దూర్చి.

ఆమె సరిగ్గానే పట్టుకుంది. పందొమ్మిదేళ్ళుగా పట్టుకుంటూనే ఉంది. మామగారు వయసులో ఉండగా కొన్న ఆ కారు అరవై ఏళ్ళు దాటినా ఇంకా రోడ్డెక్కుతోందంటే అందులో కోడలి చెయ్యి ఎంతుందో ఒప్పుకున్నది మామగారొక్కరే, ఆయన ఇప్పుడు లేరు. "మావాడికి ఓపిక తక్కువమ్మా, ఈ బండి నువ్వే చూసుకోవాలి," అని దగ్గర కూర్చోబెట్టుకుని ఇంజను చప్పుడు వినడం నేర్పింది ఆయనే. నేర్పి, "వాడితో మాత్రం అనకు, చిన్నబుచ్చుకుంటాడు," అని కూడా చేర్చారు. అత్తగారికి ఆ మాత్రం మొహమాటం కూడా లేదు. "ఆ నల్ల గోళ్ళతోనే పిండి కలుపుతావా?" అనేది. ఆమె గోళ్ళు తోముకుని పిండి కలిపేది, పిండి చేతులు కడుక్కుని మళ్ళీ కార్బురేటరు విప్పేది. పాత కార్ల క్లబ్బులో మాత్రం అందరూ భర్తనే డాక్టరుగారూ అంటారు. ఎవరి బండి మొరాయించినా ఆయనకే ఫోను. ఆయన స్పీకరు నొక్కి ఆమె ముఖం చూస్తాడు, ఆమె కాగితం మీద రాసి చూపిస్తుంది, ఆయన గొంతు సవరించుకుని చదువుతాడు.

ఇవాళ క్లబ్బు ర్యాలీ. ఊరంతా ఒక చుట్టు తిరిగొచ్చాక ఆయన్ని క్లబ్బు సాంకేతిక సలహాదారుగా ప్రకటిస్తారు. కారేమో పది రోజులుగా పావుగంట నడిచి ఆగిపోతోంది. కాసేపు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ లేస్తోంది. "కరెంటు గొడవే. వేడెక్కి కాయిల్ పోతోంది," అని తేల్చేశాడాయన. కాయిల్ మార్చాడు, కండెన్సరు మార్చాడు, వైర్లు మార్చాడు. పెట్రోలు వైపు కూడా ఒకసారి చూద్దామండీ అంటే, "నువ్వు లైటు చూపించు, చాలు," అన్నాడు. ఆయన వేలు పెట్టిన చోటికే వెలుతురు, మిగతాదంతా చీకటి.

బండి ఆగిందా, ఇంట్లో నెల రోజులు ముటముటలు, తప్పేమో టార్చిది. ఆగలేదా, ఊళ్ళో ఉన్న ప్రతి డొక్కు బండికీ ఆమె ఇక జీవితమంతా కాగితాలు రాస్తూ కూర్చోవాలి. ఏది జరగాలని కోరుకోవాలో కూడా ఆమెకు పాలుపోలేదు.

ర్యాలీ మొదలైంది. ఆమె కళ్ళు గడియారం మీదా, చెవులు ఇంజను మీదా. పది నిమిషాలు. పన్నెండు. "ఎందుకలా బిగుసుకుపోతావు? నిన్ను చూస్తే నాకే కంగారొస్తోంది," అని విసుక్కున్నాడు భర్త. సరిగ్గా వంతెన మీద బండి రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. క్లబ్బు అధ్యక్షుడు తన కారు దిగి వచ్చాడు, ఆయన వెనకే ఇంకో పదిమంది.

"కాయిలే అయ్యుంటుంది," అన్నాడు భర్త బానెట్ ఎత్తి. చెమటలు తుడుచుకుంటున్నాడు.

ఆమె కూడా వంగి చూసింది. ఇక్కడ ఎండ వెలుతురు, ఎటు చూడాలో చెప్పేవాళ్ళు లేరు. పెట్రోలు వడకట్టే చిన్న గాజు గిన్నె ఖాళీగా ఉంది. ట్యాంకు పొద్దున్నే నింపారు. మరి పెట్రోలు ఎందుకు రావడంలేదు? పది రోజులకిందట ఈ బండికి ఏం చేశారు? చేసింది ఒకటే, పాత మూత వికారంగా ఉందని ట్యాంకుకి తళతళలాడే కొత్త మూత బిగించాడాయన. పాతదానికి సూదిబెజ్జమంత రంధ్రం ఉండేది, కొత్తదానికి లేదు. పెట్రోలు బయటికి పోయేకొద్దీ ఆ రంధ్రంలోంచే గాలి లోపలికి వెళ్ళాలి. గాలికి దారి లేకపోతే ట్యాంకు చుక్క కూడా వదలదు.

ఆయన చెవిలో చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. బండి వెనక్కి నడిచి, మూత తిప్పింది. ఇంతసేపూ గాలి అందని ట్యాంకు ఒక్కసారిగా బుస్సుమని పీల్చుకున్న చప్పుడు అందరికీ వినిపించింది.

"ఇప్పుడు స్టార్ట్ చేయండి," అంది.

నాలుగైదుసార్లు తిప్పాక ఇంజను అందుకుంది.

"ఇందుకే మీరు డాక్టరుగారు," అని అధ్యక్షుడు భర్త భుజం తట్టాడు. "ఇంటావిడకి కూడా బాగానే నేర్పారు."

"ఏదోలెండి, పక్కనుండి చూసి చూసి ఆ మాత్రం పట్టుబడింది," అన్నాడు భర్త నవ్వుతూ.

"అది సరే, మూతకీ ఇంజనుకీ సంబంధం ఏంటండీ? మావాళ్ళందరికీ కాస్త అర్థమయ్యేట్టు చెప్పండి," అన్నాడు అధ్యక్షుడు.

భర్త నోరు తెరిచాడు. అలవాటుగా ఆమె ముఖంలోకి చూశాడు. పదిమందీ ఆయన నోటివైపే చూస్తున్నారు. ఆమెకు ఆయన మీద జాలి వేసింది. ఆ జాలే కదా ఇన్నేళ్ళూ తన నోరు మూయించింది అనుకుంటే, దానికన్నా ఎక్కువగా కోపం వచ్చింది.

"ఆయనకి తెలియదండీ," అంది అధ్యక్షుడితో. "నన్నడగండి, చెప్తాను."