అరువుగా ఓడెక్కిన గాలిపాట

నేను ఒక పాటల పత్రికను. పేరు గాలిపాట. నా పుట్టుక సంగతి తరువాత. ముందు పలాసలో ఒక గుడ్డసంచి సర్దుతున్నారు, అది చూడండి. సర్దుతున్నది కస్తూరి. సర్దిస్తున్నది పక్కింటి దాలమ్మ, కస్తూరికి అప్ప, అంటే అక్క వరస. ఇద్దరూ జీడిపిక్కల కార్ఖానాలో పక్కపక్కన కూర్చుని పని చేసేవాళ్లు. కస్తూరి మొగుడు తాపీపనికని అండమాను వెళ్లి, అక్కడే ఒక గుడిసె వేసుకుని, ఇప్పుడు పెళ్లాన్ని రమ్మన్నాడు. మధ్యాహ్నం బండికి విశాఖపట్నం, అక్కడినుంచి ఓడ.

"దుప్పటెట్టుకున్నావేటే? ఓడలో సలేస్తాదంట."

"ఎట్టినానప్పా. నువ్వే తీయించీసి, మళ్లా నువ్వే ఎట్టించినావు."

"ఊరగాయ సీసాకి గుడ్డ కట్టినావా? కారిందంటే సీరలన్నీ పోతాయి."

"నీ కంగారుకి ఈ సంచి సముద్రం సూడకముందే పిగిలిపోద్ది!"

దాలమ్మ నవ్వలేదు. ఎవరు ఊరికి బయలుదేరినా ఆమెకు దిగులే. రైలు కూత వింటే చేతిలో పని ఆగిపోతుంది. గూట్లోంచి నన్ను తీసి, కస్తూరి చీర మడతల మధ్య దూర్చింది.

"ఇది నీకిచ్చీడం నేదే. అరువు. మళ్లా నాకు రావాల."

"నానేటి సదువుతానప్పా? నాకు అచ్చరమ్ముక్క రాదు."

"పాడు. పాడితే అదే ఒస్తాది. నాకలాగే ఒచ్చింది."

దాలమ్మ నాయనమ్మ ఒక మాట చెప్పేదట. దూరం వెళ్లేవాళ్ల చేతిలో ఏదైనా అరువు వస్తువు పెట్టాలి, దాన్ని తిరిగివ్వడానికైనా మనిషి వస్తుంది. ఎందుకు పెట్టామో మాత్రం పైకి చెప్పకూడదు, చెబితే కట్టు తెగిపోతుంది. అందుకే దాలమ్మ చెప్పలేదు. కస్తూరి తిరిగి రావాలి, ఆమెకు కావలసింది అదొక్కటే. మనుషులు ఇలాంటి పనులను కాగితాల మీద కూడా మోపుతారని నాకు ఆ రోజే తెలిసింది.

ఇక నా పుట్టుక. నన్ను విజయనగరంలో సన్యాసి పాత్రుడుగారు అచ్చువేశారు. రేడియో పాటలు వినేవాళ్ల కోసమే పుట్టిన పత్రికను నేను. వేరేవాళ్లకు నాతో పని లేదు, నాకూ వాళ్లతో పని లేదు. నా అట్ట మీద తారల ముఖాలుండవు. రేడియో పక్కన కూర్చున్న ఒక శ్రోత బొమ్మ ఉంటుంది, నెలకొకరు. నా మీదున్నది ఒక దర్జీ, నోట్లో దారం, చెవి రేడియో వైపు. ఆ బొమ్మను చూసి కొట్లో వాళ్లు "ఈడెవుడు?" అని నవ్వేవారు. కొనేవాళ్లు మాత్రం, వచ్చే నెల అక్కడ తామే ఉండవచ్చునని కొనేవారు. అద్దం చూసుకునే తీరిక లేనివాళ్లు కూడా నా చివరి పేజీలో శ్రోతల పేర్లలో తమ పేరు కోసం ముక్కు ఆనించి వెతికేవారు. నాలో "పలాస నుంచి దాలమ్మ, కస్తూరి" అని ఉంది. దాలమ్మ నన్ను దాచుకున్నది అందుకే.

పాత్రుడుగారు వదిలిన అంచులంటే నాకు గర్వం. బయటివైపు రెండు వేళ్ల వెడల్పున తెల్లజాగా. అక్షరాలు పేర్చే నారాయుడికి అది నచ్చేది కాదు.

"బాబూ, ఇంత కాయితం ఒట్టినే పోతంది. మరో పాట పట్టీద్ది."

"ఆ జాగా నీకూ నాకూ కాదురా. జీడి కొట్టే చెయ్యి, బీడీ చుట్టే చెయ్యి, సైకిలు గొలుసు ఎక్కించే చెయ్యి. ఆ మసి అక్షరం మీద పడకుండా పట్టుకోవద్దూ?"

అన్నట్టే ఇప్పటికీ నా అంచులన్నీ జీడి నూనె మరకలు. పాటల మీద ఒక్క మచ్చ లేదు.

అంతకన్నా గొప్ప ఏర్పాటు ఇంకొకటి ఉంది. పాట రాసినవారు చరణం ఎక్కడ విరిచారో పాత్రుడుగారు చూడలేదు. పాడేవారు ఊపిరి ఎక్కడ తీసుకుంటారో అక్కడ వరుస విరిచారు. మధ్యలో వాద్యాలు మోగే చోట చిన్న ఆకు గుర్తు వేశారు. కాసేపు మోగితే ఒక ఆకు, చాలాసేపు మోగితే మూడు నాలుగు. పాట నోటికి వచ్చినవాళ్లు రేడియో పెట్టుకుని వేలు కదుపుతూ పోతే, ఆకుల దగ్గర ఆగి, మళ్లీ మాటను సరిగ్గా అందుకుంటారు. అలా వేలు కదిపీ కదిపీ, బడి గుమ్మం తొక్కని దాలమ్మ చదువు నేర్చింది. చాలాకాలం ఆమె ఏది చదివినా రాగం తీసే చదివేది. మందు సీసా మీద చీటీ కూడా.

సముద్రం దాటాక నాకు వేరే బతుకు మొదలైంది. పోర్టు బ్లెయిరులో తాపీవాళ్ల గుడిసెలకు తెలుగు పాటల స్టేషను అందదు. రేడియో తిప్పితే గరగర. మొదట్లో కస్తూరి నన్ను తీసి ఊరికే చూసేది. ఒక ఆదివారం ఆకుల లెక్కను బట్టి తనకు తెలిసిన పాట ఆనవాలు పట్టి, వేలు పెట్టి పాడింది. ఆకు గుర్తు దగ్గర ఆగింది. ఆ ఖాళీలో మేస్త్రీ తవిటయ్య సిమెంటు తట్ట బోర్లించి దరువు వేశాడు. అంతే, ప్రతి ఆదివారం జనం చేరేవారు. ఆకుకు ఒక దరువు.

"ఓరి తవిటయ్యా, ఒక ఆకు మింగీసినావురా!"

"మింగలేదొదినా, పొగాకనుకుని సుట్టలో సుట్టీసినాను!"

రేడియో ఉన్నవాళ్ల కోసం పాత్రుడుగారు కట్టిన పత్రికను, రేడియో లేనిచోట వాళ్లు రేడియో చేసేసుకున్నారు. కస్తూరికి కూడా అక్షరాలు పట్టుబడ్డాయి. నా కుట్టు వదిలిపోతే వల అల్లే దారంతో కుట్టింది.

కొన్నేళ్లకు తవిటయ్య తల్లిని చూడడానికి పలాస బయలుదేరాడు. కస్తూరి నన్ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి అతని చేతికిచ్చింది.

"ఇది అప్పది. అరువు తెచ్చినాను. పాడవకముందే అప్పజెప్పీ. ఒకల సొమ్ము ఎన్నాళ్లుంచుకుంటాం?"

ఆమె మంచి మనసుతోనే ఇచ్చింది. అరువు తీర్చడం ఆమెకు మర్యాద. ఆ మర్యాదే దాలమ్మ కట్టిన తాడును తెంపుతుందని ఆమెకెవరూ చెప్పలేదు. నాకు తెలుసు. నాకు నోరు లేదు.

తవిటయ్య నన్ను చాపితే దాలమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాను పుచ్చుకోను."

"ఏటప్పా, సిరగలేదు, నానలేదు. సూడు."

"సిరిగిపోయినా బాగుణ్ను. నిన్నెవులు తెమ్మన్నారు? దాన్నే తెమ్మను."

"దానికిప్పుడు కుదరదు. ఓడలో కక్కుకుంటా తెచ్చినాను దీన్ని. మళ్లా నాను మొయ్యలేను, నీకు దండం."

నన్ను అరుగు మీద పెట్టి అతను వెళ్లిపోయాడు. దాలమ్మ ముట్టుకోలేదు. చేతిలోకి తీసుకుంటే అరువు తీరిపోయినట్టే. గడప లోపల కూర్చుని నన్నే చూస్తూ ఉంది. మహేంద్రగిరి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. గాలికి సంచి జారి నా పేజీలు విడిపోయాయి. మొదటి చినుకు ఒక పాట మధ్యలో పడి సిరా పాకింది. ఆమె చెయ్యి చాపింది, వెనక్కి తీసుకుంది. రెండో చినుకు. మూడోది.

"ఓలమ్మ, అచ్చరాలు!" అంటూ గడప దాటి వచ్చి, రెండు చేతులా నన్ను ఎత్తుకుంది. పైటతో ఒక్కొక్క పేజీ అద్దింది. అద్దుతూ ఏడ్చింది.

గాలిపాట పత్రిక అప్పటికే ఆగిపోయింది. నేను ఇప్పుడు దాలమ్మ రేకుపెట్టెలో ఉన్నాను. ఆ రోజు తాను నన్ను ఎత్తుకోకుండా ఉంటే బాగుండేదని ఆమె ఇప్పటికీ అంటుంది. నాకైతే అలా అనిపించదు. చదివే మనిషి ఎదురుగా తడుస్తున్న అక్షరాన్ని ఎలా వదిలేస్తుంది?

తవిటయ్య నన్ను తెచ్చింది పందొమ్మిది వందల ఎనభై ఆరు జూన్‌లో. కస్తూరి ఆ ఏడు దసరా ముందర పోర్టు బ్లెయిరులో కాన్పులో పోయింది. పలాసకు తిరిగి రాలేదు.