డేగమ్మ చూపు

ఆమె గాజుపలకను అంచుల దగ్గర రెండు అరచేతులతో పట్టుకుని, కింద దీపం వెలుగుతున్న బల్ల మీద మెల్లగా దించింది. వేలిముద్ర పడకూడదు. పలక మూల చట్రానికి ఆనిందో లేదో చిటికెన వేలితో తడిమి చూసుకుంది. ఒకప్పుడు ఇలా తడుముకోవలసిన అవసరం ఉండేది కాదు.

ఆకాశాన్ని ఫొటో తీసిన ఆ పలకల మీద రాత్రి తెల్లగా, నక్షత్రాలు నల్లగా ఉంటాయి. చిన్న చిన్న గెలాక్సీలలో కొత్త నక్షత్రాలు గుంపులుగా పుట్టే చోట్లు వెతికి, గాజు వెనకవైపు ఎర్రసిరాతో వలయం గీయడం ఆమె పని. పెళ్ళీ పెటాకులూ లేకుండా ఈ బల్ల దగ్గరే జుట్టు నెరిసింది. మసక మరకను కూడా వదలని ఆమె కంటిని చూసి వేధశాలలోని ఆ గదిలో వాళ్ళు డేగమ్మ అని పేరు పెట్టారు.

ఇప్పుడా కళ్ళ నరాలు ఎండిపోతున్నాయి. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పేశాడు. ఆ సంగతి ఇంట్లోనూ చెప్పలేదు, ఇక్కడా చెప్పలేదు. పొద్దున జడ వేసుకుంటూ "కాస్త లైటు వెయ్యవే" అంటే, "వేసే ఉందిగా వదినా!" అంది తమ్ముడి భార్య. నిద్రమత్తని నవ్వేసి తప్పించుకుంది. తెలిస్తే బల్ల పోతుంది. బల్ల పోతే తమ్ముడింట్లో వెనకగది మంచం, ఎవరో ఒకరు వచ్చి చేయి పట్టుకునేదాకా ఎదురుచూపు.

అందుకే ఏడాదిగా ఒకే గెలాక్సీని అడిగి తీసుకుంటోంది. దాని పలకలు ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నాయి. మధ్యలోని నల్లటి ముద్ద లీలగా తెలిస్తే చాలు, మిగతా వలయాలు ఎక్కడ గీయాలో చేతికే వచ్చు.

"డేగమ్మక్కా, ఏంటా వేగం? మా పరువు తీస్తావా?" అంది పక్క బల్ల అమ్మాయి.

"కబుర్లు తగ్గించు, నీకూ వస్తుంది."

"అసలు నీ గెలాక్సీకి నక్షత్రాలు పుట్టించడానికి ఎందుకక్కా అంత తొందర?"

"ఉన్నదే కాస్త గ్యాసు. అదంతా ఒక్క ఊపులో నక్షత్రాలు చేసేస్తోంది. ఆ పుట్టినవాటి ఈదురుగాలే మిగిలినదాన్ని బయటికి తోసేస్తుంది. ఆ తర్వాత ఇంక పుట్టడానికేం ఉండదు."

"దుబారా మనిషన్నమాట!"

"చిన్న ఇంట్లో పెద్ద పెళ్ళి చేసినట్టు" అంది డేగమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు.

మధ్యాహ్నం ఆ గది పని చూసే అధికారి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. పలక పట్టుకోవడం అతనికి నేర్పింది ఆమే. వంగి పలక మీది వలయాలు చూశాడు.

"అక్కయ్యగారూ, ఇదేం పలక?"

"మనదే కదా."

"కాదండీ. మీ గెలాక్సీ పలకలు పంపడం ఆపేశారు. ఇది వేరే గెలాక్సీ. కవరు మీద పేరు ఉందిగా, చూడలేదా?"

పక్క బల్ల దగ్గర కలం చప్పుడు ఆగింది.

"ఈ వలయాల్లో ఏమున్నాయో చెప్పండి" అన్నాడు మెత్తగా.

ఆమె ముక్కు గాజుకు తగిలేంత వంగింది. ఎటు చూసినా పాలలాంటి వెలుగు.

"ఏమీ లేవా?"

"ఏమీ లేవండీ. ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

ఆమె ఎర్రసిరా కలం పక్కన పెట్టేసింది. ఈ ఏడాది పలకలన్నీ మళ్ళీ చూడాలని అతను తనలో తాను అనుకున్నట్టు పైకే అన్నాడు. తర్వాత, "రేపటి నుంచి ఇంట్లో విశ్రాంతి తీసుకోండి" అన్నాడు.

"ఇది తుడిచేసి వెళ్తాను."

అతను తలూపినట్టున్నాడు. అంతలోనే ఆమెకు కనబడదని గుర్తొచ్చి, "అలాగే అక్కయ్యా" అన్నాడు.

"నేను తుడవనా అక్కా?" అంది అమ్మాయి. ఆ గొంతులో ఇప్పుడు వేళాకోళం లేదు.

"నా గీతలు నేను తుడుచుకోలేనా తల్లీ?"

దూదిని స్పిరిటులో ముంచి, ఒక అంచు నుంచి రెండో అంచుకి, మళ్ళీ ఇటు నుంచి అటు, వరసలు వరసలుగా తుడిచింది. అన్నీ పోయాయో లేదో ఎవరినీ అడగలేదు. సంచి భుజాన వేసుకుని, గోడ పట్టుకుని తలుపు దాటింది. మెట్ల మీద ఆమె అడుగులు ఒక్కొక్కటిగా దిగి, కాసేపటికి వినిపించడం మానేశాయి.

బల్ల కింద దీపం ఎవరూ ఆర్పలేదు. వెలుగుతున్న పలక మీద, కింది మూలన, ఒకే ఒక్క ఎర్ర వలయం మిగిలి ఉంది. దాని లోపలంతా తెలుపే.