పుట్టు నలుపు

నీలకంఠం మౌస్‌ని మెల్లగా జరిపాడు. తెర మీది నల్లటి ముద్దలోంచి ముందు ముక్కు తేలింది, తరవాత పెదవి చివర చిన్న నవ్వు. ఫొటో తీసినవాడెవడో గాని మహా బుద్ధిమంతుడు. పొద్దుగూకేవేళ సూర్యుణ్ణి వెనక పెట్టుకుని, మనిషిని పడవ ముందు నిలబెట్టి ఫోన్ నొక్కేశాడు. ఆకాశమంతా వెలుగు, మొహమంతా చీకటి.

ఆ మనిషి పేరు మసేను. గంజాం దగ్గర పల్లెలో చేపల వేట. పోయి తొమ్మిది రోజులైంది, రేపు దినం. పటం కట్టించడానికి ఇంట్లో ఉన్నది ఈ ఒక్క ఫొటోనే. భార్య కాసమ్మ మొదటి బస్సుకే బరంపురం వచ్చి స్టూడియో బెంచీ మీద కూర్చుంది.

"రెండు స్టూడియోలోళ్ళు అవదనేశారు బాబూ," అంది.

"అవుతాది. కూకోమ్మా," అన్నాడు నీలకంఠం.

అవదనడం అతనికి చేతకాదు. నెగెటివ్ మీద పెన్సిల్‌తో మొటిమలు చెరిపిన రోజుల నుంచి ముప్ఫై అయిదేళ్ళుగా ఇదే పని. మెడ వంగిపోయింది, కళ్ళద్దాలు మందమయ్యాయి, కుడి మణికట్టు బల్లకు ఒరుసుకుని కాయ కాసింది. ఎవరొచ్చినా అడిగేది తెలుపే. ఒడియావాళ్ళయితే "టికే గొరా", తెలుగువాళ్ళయితే "కూసింత తెల్లగా".

మధ్యాహ్నానికి మొహం మొత్తం బయటికొచ్చింది. కనుబొమ మీది గీతని దుమ్మనుకుని తుడిచేశాడు. అలవాటు కొద్దీ బుగ్గలకూ నుదుటికీ మెరుగు పెట్టాడు. అచ్చు తీసి గర్వంగా అందించాడు.

కాసమ్మ చాలాసేపు చూసింది. "ఈడెవులు?"

"మీ ఆయనే."

"మా మావ కాదు. మా మావ నల్లనోడు బాబూ. ఎలుతురు నేక నలుపు కాదు, పుట్టు నలుపు. కనుబొమ్మ కాడ గేలం గీరిన గాటుండాల. అదేటయిపోనాది?"

నీలకంఠానికి తల కొట్టేసినట్టయింది. అన్నం డబ్బా విప్పకుండానే మళ్ళీ మొదటికొచ్చాడు. గాటు దొరికింది. రంగే దొరకలేదు. ఆ చీకట్లో నీడెంత, ఒంటి రంగెంత? ఫొటోకే తెలియదు.

"ఎంత నలుపమ్మా?"

కాసమ్మ లేచొచ్చి ముంజేతిని తెర పక్కన ఆనించింది. "నాకన్నా ఒక పిసరు ఎక్కువ."

ఆ చేతిని చూస్తూ అతను రంగు తగ్గించాడు, పెంచాడు, మళ్ళీ తగ్గించాడు. చెయ్యి లాగుతున్నా ఆమె తియ్యలేదు. నాలుగింటికి, "ఆగు. ఈడే," అంది. తెర మీది గాటుని వేలితో ఒకసారి తాకి ఏడ్చింది.

కొత్త అచ్చుని కొంగులో చుట్టుకుని బస్సుకి వెళ్ళిపోయింది. మొదటిది తనకెందుకంది.

నీలకంఠం డబ్బా తెరిచి, మళ్ళీ మూత పెట్టేశాడు. పదకొండేళ్ళ కిందట భార్య మధులత పోయినప్పుడు ఆమె పటం తనే దిద్దాడు, ఈ చేత్తోనే, ప్రేమకొద్దీ, తెల్లగా. అసలు ఫొటో పాత కంప్యూటర్‌తో పాటే పోయింది. ఆమె ఎంత చామనచాయో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. ఇంట్లో గోడ మీది తెల్ల మొహమే అడ్డొస్తోంది. ఇదిగో ఇంత అని పక్కన చెయ్యి పెట్టి చూపేవాళ్ళు ఎవరూ లేరు.

బల్ల మీద, కాసమ్మ వదిలేసిన అచ్చులో, గాటు లేని తెల్లటి మనిషి ఎవరికీ ఏమీ కాకుండా నవ్వుతున్నాడు.