అమ్మ గొంతు అందినంత దూరం

పొద్దున్నే చిట్టి, తను పనిచేసే చెవి మిషన్ల దుకాణం షట్టరు ఎత్తేసరికి అమ్మ గొంతు అప్పటికే అక్కడికి చేరుకుని ఉండేది.

"ఇంటి తలుపు సరిగ్గా వేశావా?"

"వేశానమ్మా" అని గాలికి జవాబు చెప్పి, చిట్టి బల్ల తుడుచుకుని, ముందురోజు తీసిన చెవుల అచ్చులు గట్టిపడ్డాయో లేదో నొక్కి చూసుకునేది. ఆమె పని అదే. సరిగ్గా వినపడనివాళ్ల చెవిలో గులాబీ రంగు ముద్ద నింపడం, అది బిగుసుకున్నాక జాగ్రత్తగా బయటికి తీయడం, ఆ అచ్చుకు తగ్గట్టు మిషనుకు తొడుగు చెయ్యడం. ఏ రెండు చెవులూ ఒకలా ఉండవు కాబట్టి ఆ పనిలో ఆమెకు ఎన్నడూ విసుగు పుట్టలేదు.

విసుగంతా అమ్మ గొంతుతోనే. అమ్మేమీ అరిచేది కాదు. ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని మామూలుగానే మాట్లాడేది. ఆ మాట మాత్రం చిట్టి ఎక్కడుంటే అక్కడికి, పక్కన నిలబడి అన్నంత స్పష్టంగా వచ్చేది. చిట్టికి ఒక్కదానికే అయితే ఏదో సర్దుకునేది. చుట్టుపక్కల ఉన్నవాళ్లందరికీ వినపడేది, బొత్తిగా చెవులు పనిచెయ్యనివాళ్లతో సహా. మిషను కోసం వచ్చిన ముసలాయన, భార్య చెవిలో నోరు పెట్టి అరిచినా పలకనివాడు, చటుక్కున తలెత్తి "స్వెటరు వేసుకున్నావా అని అడుగుతున్నారమ్మా మీ అమ్మగారు" అని అందించేవాడు. దీన్ని ఎవరూ వింతగా చూసేవాళ్లు కాదు. కొందరి అమ్మలకు మోకాళ్ల నొప్పులు, కొందరికి షుగరు, ఈవిడకు గొంతు, అంతే అనుకునేవాళ్లు.

నిజానికి ఆమె పేరు చిట్టి కాదు. అమ్మ రోజంతా అలా పిలవగా పిలవగా, బ్యాంకులో క్యాషియరు మొదలుకుని బస్సు కండక్టరు దాకా అందరి నోటా అదే పేరు పడిపోయింది. నలభైకి దగ్గరపడుతున్న మనిషి, తలలో తెల్లవెంట్రుకలు తొంగిచూస్తున్న మనిషి, ఊరందరికీ చిట్టే.

ఒకసారి ఆమె తన చెవులకే అచ్చు తీసుకుని, గాలి కూడా దూరకుండా రెండు బిరడాలు చేసుకుంది. వీధిలో హారన్లు ఆగిపోయాయి, ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. వచ్చేటప్పుడు సబ్బులు తెమ్మన్న అమ్మ మాట మాత్రం మరింత శుభ్రంగా వినపడింది.

పోనీ ఇటునుంచి జవాబైనా వెళ్లేదా అంటే, అదీ లేదు. ఆ గొంతుది ఒకవైపు దారి. ఇంటికెళ్లాక తీరిగ్గా చెబుదామనుకుంటే, మొదటి ప్రశ్నకు నోరు తెరిచేలోపు అమ్మ మూడో ప్రశ్నలో ఉండేది.

ఊరు దాటిపోవాలని చిట్టి ప్రయత్నించకపోలేదు. బస్సెక్కితే ఊరి చివరి వంతెన రాకముందే "చాల్లే, వెనక్కి వచ్చెయ్" అని వినపడేది. డ్రైవరు బ్రేకు తొక్కేసేవాడు. "పెద్దావిడ అంతగా పిలుస్తుంటే నిన్నెలా తీసుకెళ్లనమ్మా? ఆ పాపం నాకొద్దు" అని తలుపు తెరిచేవాడు. రైల్లో అయితే ఎదురు సీటాయన గొలుసు లాగేశాడు. పైగా అమ్మ అనే మాట ఒకటుంది, అది ఊరందరికీ కంఠతా వచ్చు: "నా గొంతు నీకు అందని రోజున నేనిక లేనట్టే అనుకో." అది విన్నాక చిట్టిని ఊరు దాటించే ధైర్యం ఎవరికుంటుంది? పై చదువు, ఒక మంచి సంబంధం, అన్నీ ఆ వంతెన ఇవతలే ఆగిపోయాయి.

ఆ ఏడాది ఎండాకాలంలో దుకాణం యజమాని ఆమెను పిలిచి కూర్చోబెట్టాడు.

"సముద్రం పక్క ఊళ్లో ఇంకో దుకాణం పెడుతున్నాం చిట్టీ. అది నువ్వు చూసుకుంటేనే నాకు నిశ్చింత. వానలు వెనకబట్టాక తెరుస్తాను. అప్పటికి ఏ సంగతీ చెప్పు. నువ్వు కాదంటే ఇంకొకర్ని వెతుక్కోవాలి, తప్పదు."

చిట్టికి ఆ ఉద్యోగం కావాలి. ఎంత కావాలంటే, ఆ రాత్రి అన్నం సయించలేదు. తన చేతికింద ఒక దుకాణం, తన తాళాలు, తన గది, ఆ గదిలో తను అనుకున్నంతసేపు నిశ్శబ్దం. తీరా వెళ్లేది ఎలాగ? ఏ డ్రైవరు తీసుకెళ్తాడు?

ఎదుటి మందుల షాపావిడ, చిట్టి 'అక్కా' అని పిలిచే మనిషి, ఆ మాటకు పకపకా నవ్వింది.

"డ్రైవరు లేకుండా పో. నీకు కాళ్లు లేవా? వానలయ్యాక హాఫ్ మారథాన్ పెడుతున్నారు. గడియారం స్తంభం దగ్గర బయల్దేరి, వంతెన దాటి, ఊరవతల స్టేడియం దాకా. దారిపొడుగునా బళ్లు ఆపేస్తారు. బ్రేకు వేసే నాథుడే ఉండడు."

"అంత దూరం నావల్ల అవుతుందా?"

"నావల్ల అవుతుందా అని నేనడగాలి, ఈ ఒళ్లేసుకుని" అని ఆవిడ కూడా పేరు ఇచ్చేసింది.

ఇద్దరూ రోజూ పార్కు చుట్టూ పరిగెత్తడం మొదలుపెట్టారు. "ఎవరు తరుముతున్నారే నిన్ను అంత పొద్దున్నే?" అని అమ్మ గొంతు చెట్ల మధ్యకు వచ్చేది. పరుగుపందెం సంగతి చిట్టి రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ అమ్మ పాలు పొంగుతున్నాయంటూ లేచింది.

పందెం రోజున గడియారం స్తంభం దగ్గర ఇసుకేస్తే రాలనంత జనం. బ్యాగులన్నీ ముందే లారీలో స్టేడియానికి పంపేశారు, ఫోన్లు వాటిలోనే. ఈల వేశారు, జనం కదిలారు. కూరగాయల మార్కెట్టు దాటకముందే అమ్మ గొంతు వచ్చేసింది.

"మెల్లగా! పడిపోతావ్!"

సగం మంది వేగం తగ్గించారు. అందరికీ వేగం చూపించడానికి భుజానికి బెలూను కట్టుకుని పరిగెత్తే ఆయన కూడా ఉలిక్కిపడి నడకలోకి దిగాడు. "ఆవిడ మిమ్మల్ని కాదు బాబూ, మీరు పదండి!" అని మందుల షాపావిడ ఆయాసపడుతూనే కేకలేసింది.

కానీ ఎవరూ ఆగలేదు. ఆగి చిట్టిని దింపేద్దామంటే అక్కడ దింపేందుకు ఏ బండీ లేదు. "వెనక్కి వచ్చెయ్ చిట్టీ" అని వినపడ్డప్పుడల్లా పక్కవాళ్లు జాలిగా ఆమె వంక చూసేవాళ్లు, చూస్తూనే పరిగెత్తేవాళ్లు. చిట్టి మడమలు మండుతున్నాయి. వంతెన కనపడగానే అలవాటుకొద్దీ కాళ్లు వాటంతటవే తడబడ్డాయి. మందుల షాపావిడ ఆమె మోచెయ్యి పట్టుకుని వంతెన మీదికి లాక్కుపోయింది.

వంతెన దిగాక గొంతు పలచబడింది. బరువైన మాటలు ముందు రాలిపోయాయి. అది చెయ్యి, ఇది చెయ్యొద్దు అన్నవి మొదట. తర్వాత దెప్పిపొడుపులు. "మీ నాన్నా ఇలాగే, చెప్పాపెట్టకుండా..." అన్నది సగంలోనే తెగిపోయింది. పక్కన పరిగెత్తేవాళ్లకు ఇప్పుడేమీ వినపడటం లేదు. చిట్టి ఒక్కత్తికే, అదీ ఊపిరి బిగబట్టి వింటే, దారపు పోగంత సన్నగా వస్తోంది.

స్టేడియం దీపాల స్తంభాలు కనపడుతున్నాయనగా, ఆ పోగులో ఒక్క మాట మిగిలింది.

"భయమేస్తోందే చిట్టీ."

చిట్టి ఆగిపోయింది. ఇన్నేళ్లలో అమ్మ నోట ఆమె ఈ మాట వినలేదు. తలుపు, స్వెటరు, సబ్బులు, ఇన్నిటి కింద ఇది ఎప్పుడూ ఉండే ఉంటుంది. దగ్గరగా ఉన్నంతకాలం మిగతావాటి మోతలో వినపడలేదు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. రెండడుగులు వెనక్కి వేస్తే గొంతు మళ్లీ నిండుగా వస్తుంది, అమ్మ తేరుకుంటుంది. ముందుకు వేస్తే ఏమవుతుందో అమ్మ ముందే చెప్పి ఉంచింది.

"ఏమైందే? కాలు పట్టేసిందా?" అంది మందుల షాపావిడ.

చిట్టి మెడ తిప్పి ఊరివైపు చూసింది. "నాకూ భయమేస్తోందమ్మా" అని పైకే అంది, అటు చేరదని తెలిసీ. అని, ముందుకే అడుగు వేసింది.

గొంతు ఆగిపోయింది.

ఆమె పుట్టి బుద్ధెరిగాక వినని నిశ్శబ్దం అది. ఇన్నాళ్లూ కోరుకున్నదే, తీరా వచ్చాక ఆమెకు వణుకు పుట్టింది. అమ్మ పోయిందనే అనుకుంది. తనే చంపేశాననుకుంది. బ్యాగులో ఉన్న ఫోను తప్ప ఇంకేమీ గుర్తులేదు. మిగిలిన దూరం ఎలా పరిగెత్తిందో తెలియదు, గీత దాటడం తెలియదు, ఎవరో మెడలో పతకం వేస్తుంటే ఆ చెయ్యి నెట్టేసి బ్యాగుల కుప్ప మీద పడింది.

అమ్మకు ఎన్నడూ ఫోను అవసరం పడలేదు, ఇంట్లో లేదు కూడా. అందుకని కింది వాటా పిన్నిగారికి చేసింది.

"పిన్నిగారూ, ఒక్కసారి మా ఇంట్లోకి వెళ్లి చూస్తారా? అమ్మ... అమ్మ ఎలా ఉందో..."

"అయ్యో, ఏడుస్తావెందుకు, ఉండు, ఎక్కుతున్నా."

మెట్ల మీద చెప్పుల చప్పుడు. మధ్యలో పిన్నిగారు ఆయాసం తీర్చుకోవడానికి ఆగింది. చిట్టి నేలమీద చతికిలబడి ఫోను రెండు చేతులా పట్టుకుంది. తలుపు కిర్రుమంది.

"ఇదిగో, కుర్చీలోనే ఉందమ్మా మహాతల్లి. ఎందుకో బిత్తరపోయి చూస్తోంది. ఇస్తున్నా."

ఫోను చేతులు మారిన చప్పుడు. తర్వాత ఒక ముసలి గొంతు, ఎదురుగదికి కూడా వినపడనంత చిన్నది, చిట్టి ఎన్నడూ ఎరగనిది, భయం భయంగా అడిగింది.

"ఎవరూ?"

"నేనమ్మా."

"నేనంటే ఎవరండీ?"

"చిట్టినమ్మా. నేను, చిట్టిని."

చిట్టికి అమ్మ ఊపిరి వినపడుతోంది.

"నీ గొంతు ఇలా ఉంటుందా?" అంది అమ్మ.

చిట్టి ఫోను చెవికి ఇంకాస్త అదుముకుంది.

"ఆగిపోయావేం? ఏదో ఒకటి మాట్లాడవే, వింటాను."

చిట్టి కళ్లు తుడుచుకుంది. సముద్రం పక్క ఊరి గురించి, అక్కడ తెరిచే దుకాణం గురించి, తను వెళ్లాలనుకుంటున్న సంగతి, ఎన్నాళ్లుగా అనుకుంటున్నదీ, అన్నీ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపే పట్టింది. అమ్మ మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు రాలేదు.